గాడి లోతు

గోవిందరావు టైర్లు కొనడానికి వచ్చినవాడిలా లేడు, టైర్లని ఇంటర్వ్యూ చేయడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఒరిస్సా ట్రంక్ రోడ్డు మీద నిమాయ్ దాదా గోడౌన్లో ఒక్కొక్క టైరునీ నేలమీద పడుకోబెట్టించి, పక్కన గొంతుక్కూర్చుని, చొక్కా జేబులోంచి స్టీలు స్కేలు తీసి గాడిలోకి దించి, కళ్ళజోడు పైకి తోసి చూసి, పెదవి విరిచి "తరవాతది" అంటున్నాడు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వీల్ షాపు అనే చోట ఆయన ఉద్యోగమంతా గడిచింది. రైలు చక్రం నడిచి నడిచి అరుగుతుంది. ఎంత అరిగిందో గేజి పెట్టి చూసి, ఇంకా నడుస్తుంది అంటే ఒక పక్కకీ, కండెమ్ అంటే ఇంకో పక్కకీ పంపడం ఆయన పని. అరగని చక్రం మంచిది, అరిగిన చక్రం చెడ్డది. చక్రాల గురించి ఇంతకు మించి తెలుసుకోవలసింది ఏదైనా ఉంటుందని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. గోవిందరావు చేతి మీదుగా వెళ్ళిన చక్రం తిరిగి రాలేదని షాపులో పేరు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ పేరు రిటైరవలేదు. ట్రాఫిక్ కాలనీలో ఉన్నప్పుడూ, ఇప్పుడు సొంతిల్లు కట్టుకుని ఝపటాపూర్ వచ్చేశాకా, తెలుగువాళ్ళలో ఎవరు సైకిలు కొన్నా కుట్టుమిషను కొన్నా ముందు ఆయనకి చూపించేవారు. ఆయన తల ఊపితే కొనేవారు, లేకపోతే లేదు.

ఇప్పుడు టైర్లు కావలసింది కొడుకు జీపుకి. హరనాథ్‌కి రైల్వేలో ఉద్యోగం రాలేదు. డ్రైవింగ్ వచ్చింది. పొద్దునా సాయంత్రం ట్రాఫిక్ కాలనీ పిల్లల్ని కాన్వెంటుకి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. రెండు వారాలకోసారి శనివారం నాడు ఎలీసమ్మని సాల్ అడవి దాటి ఖేజుర్‌డాంగా అనే ఊరికి తీసుకెళ్తాడు. ఎలీసమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆ ఊళ్ళో చుట్టుపక్కల ఆడవాళ్ళకీ పసిపిల్లలకీ మందులిచ్చి, పురుడు దగ్గరపడ్డవాళ్ళని చూసి వస్తుంది. అడవి దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి ఎర్ర మొరం బాట, వానాకాలంలో బురద, రాళ్ళు, వాగు కోతలు. నిరుడు ఇదే రోజుల్లో జీపు బురదలో దిగబడితే ఎలీసమ్మే చెప్పులు చేత పట్టుకుని దిగి తోసింది.

"దేఖో దాదా," అన్నాడు నిమాయ్. అతనికి తెలుగు బాగానే వచ్చు. ఖరగ్‌పూర్లో వ్యాపారం చేసేవాడికి రాకపోతే కుదరదు. "తారు రోడ్డుకి రిబ్బు టైరు. నిలువు గీతలు ఉంటాయి. చప్పుడు చెయ్యదు, మెత్తగా పోతుంది. బురదకీ మొరానికీ లగ్గు టైరు. అడ్డంగా పెద్ద పెద్ద దిమ్మలు. మట్టిని పట్టుకుంటుంది గానీ తారు మీద గోల చేస్తుంది. మీకు రోజూ తారు, ఎప్పుడో ఒకసారి మట్టి. అలాంటివాళ్ళకి సెమీ లగ్గు. నడిమధ్య గీతలు, అంచుల్లో దిమ్మలు. బాత్ ఖతమ్."

"నానూ అదే అనుకుంతన్నాను నాన్నా," అన్నాడు హరనాథ్. "సెమీ లగ్గు ఏసీద్దాం."

గోవిందరావు స్కేలు దించి చూశాడు. పెదవి విరిచాడు. "గాడి సూడరా. కొత్తదే ఇంత తక్కువుంటే ఇంకేటి అరగడానికి మిగులుతాది?"

అప్పుడే ఆయన చూపు గోడౌన్ మూలకి వెళ్ళింది. గోనెపట్టాల కింద నాలుగు లగ్గు టైర్లు నిలబెట్టి ఉన్నాయి. ఏదో డిస్పోజల్ వేలంలో వచ్చిన సరుకు, ఎన్నేళ్ళ నుంచి ఉందో నిమాయ్‌కే సరిగా తెలియదు. ఒక్క మైలు కూడా నడవలేదు. అచ్చులోంచి తీసినప్పుడు ఉండే సన్నటి రబ్బరు పీచులు కూడా ఇంకా ఊడలేదు. గోవిందరావు స్కేలు దించితే అది దిగుతూనే ఉంది. ఆయన ముఖం విప్పారింది. సంబంధం కుదిరిన పెళ్ళికొడుకు తండ్రి కూడా అంత సంతోషపడడు.

హరనాథ్ టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కాడు. నొక్కిన చోట చలికాలపు మడమల్లా సన్నటి బీటలు నోళ్ళు తెరిచాయి. వేలు తీస్తే మూసుకున్నాయి.

"నాన్నా, పక్కని పగుల్లున్నాయి."

"పక్క నేల మీద నడుస్తాదేటిరా? నడిసేది మీద భాగం. అది సూడు."

"పాత స్టాకు," అన్నాడు నిమాయ్, ఎవరి ముఖంలోకీ చూడకుండా. "ఎడ్ల బళ్ళవాళ్ళు, ట్రాలీలవాళ్ళు పట్టుకెళ్తూంటారు. మీకు నచ్చితే ఇస్తాను. గ్యారంటీ మాత్రం అడక్కండి."

"గ్యారంటీ నువ్వేటిస్తావు దాదా? నా కన్ను ఇస్తాది."

ఇందులో పీనాసితనం లేదు. రెండింటి ధరా అటూ ఇటూగా ఒకటే. గోవిందరావు లెక్క గోవిందరావుకి ఉంది. తారు మీద అరిగేది గాడి. గాడి లోతుంటే ఎక్కువ కాలం అరుగుతుంది. మొరం మీద పట్టేది కూడా ఆ గాడే. అంటే ఈ టైరు రెండు పనులకీ పనికొస్తుంది. ఎక్కడ తప్పుందో చెప్పమంటే హరనాథ్ చెప్పలేకపోయాడు. చిన్నప్పటి నుంచీ తండ్రితో వాదించి ఒక్కసారి కూడా గెలవలేదు. ఒకటి రెండుసార్లు గెలవబోయి కూడా ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. ఇప్పుడూ అంతే.

టైర్లు ఎక్కించిన సాయంత్రం కోడలు ఉమ పెరట్లో బట్టలు తీస్తూ జీపు దగ్గర ఆగింది. శ్రీకాకుళం పక్క పల్లెటూరి నుంచి ఈ ఇంటికి వచ్చిన పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"మావయ్యా, ఇదేటి, ఇలగ బీటలుబారిపోనాది?"

"అది పై తోలమ్మా. లోపల గట్టిగున్నాది."

"మా ఇంటికాడ తీసి దాసిన కుక్కరు రబ్బరు ఇలగే అయిపోనాది. వాడకపోయినా పాడైపోనాది."

గోవిందరావు నవ్వాడు. వీల్ షాపులో ఆయన నవ్వు తెలిసినవాళ్ళు ఆ నవ్వు వినగానే మాట మార్చేసేవారు. ఉమ కూడా బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ మాట ఆయన్ని గిల్లింది. లోపలికి వెళ్ళి కాటన్ వేస్టు ముద్ద తెచ్చాడు. జీపులోంచి తీసిన పాత ఇంజిను ఆయిలు డబ్బాలో ముంచి టైర్ల పక్కలకి బాగా పట్టించాడు. షాపులో లేతు మీద నుంచి దిగిన చక్రానికి తుప్పు పట్టకుండా అలాగే నూనె రాసేవారు. రబ్బరుకి తుప్పు పట్టదు గదా, నూనె తగిలితే అది ఇంకా పాడవుతుంది గదా అని అడిగేవాళ్ళు ఎవరూ పక్కన లేరు. ఉమ అయితే వంటింటి కిటికీలోంచి చూసింది గానీ అడగలేదు. నూనె పట్టాక బీటలు మాయమయ్యాయి. టైర్లు నల్లగా నిగనిగలాడాయి. ఆయనకి ఆ నిగనిగ ఎంత నచ్చిందంటే, మర్నాడూ రాశాడు, ఆ మర్నాడూ రాశాడు.

గురువారం విశ్వకర్మ పూజ. ఆ రోజు వర్క్‌షాపు గేట్లు తెరుస్తారు. ఆడవాళ్ళూ పిల్లలూ కొత్త బట్టలు కట్టుకుని లేతులూ క్రేన్లూ చూడ్డానికి వెళ్తారు. ప్రతి షాపులోనూ ఒక విగ్రహం, మైకు, బూందీ. గోవిందరావు పొద్దున్నే వెళ్ళి పాత నేస్తాలందరినీ పలకరించి, మధ్యాహ్నం కొందరిని ఇంటికి వెంటబెట్టుకుని వచ్చాడు. జీపుకి బంతిపూల దండ, బొట్లు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అందరూ ప్రసాదం తిన్న చేతులు తుడుచుకుని టైర్ల చుట్టూ చేరారు.

నూకయ్య వంగి గాడిలో వేలు పెట్టాడు. ఆయనా వీల్ షాపు మనిషే, గోవిందరావు పక్కన ఏళ్ళ తరబడి పనిచేశాడు. "అబ్బ, వేలు సగం దిగిపోతన్నాది బావా! ఎక్కడ పట్టినావు?"

"కన్నుండాల," అన్నాడు గోవిందరావు.

సూర్యకుమారి కూడా వచ్చింది. ఆమె భర్త గూడ్సు గార్డు. ఇద్దరు పిల్లలూ హరనాథ్ జీపులోనే బడికి వెళ్తారు. ఆమెది రాజమండ్రి పక్క, మాట కొంచెం వేరుగా ఉంటుంది. "టైర్లు మీరు చూశారని విన్నానండి. ఇంక మాకు బెంగ లేదు. మా ఆయనతో కూడా అదే చెప్పాను," అంది. గోవిందరావు చెయ్యి పైకెత్తాడు, ఆశీర్వదించినట్టు. ఆ పూట ఆయన నిజంగా సుఖపడ్డాడు. మనిషికి రిటైరయ్యాక అక్కరకొచ్చేది తిండీ గుడ్డా కాదని, ఇంకా తన మాట నలుగురికీ కావాలన్న ధీమా అని ఆయనకి ఆ రోజు మళ్ళీ తెలిసింది.

శుక్రవారం సాయంత్రం పిల్లల్ని దించి వచ్చిన హరనాథ్ స్నానానికి వెళ్ళాడు. గోవిందరావు అలవాటుగా నూనె డబ్బా పట్టుకుని జీపు దగ్గరికి వచ్చాడు. వెనక ఎడమ చక్రం దగ్గర కూర్చుని పక్కభాగం తుడుస్తూంటే చేతికి ఏదో తగిలింది. దోమ కుట్టిన చోట దద్దురు లేచినట్టు, చిన్న ఉబ్బు. తుడిచి మళ్ళీ చూశాడు. నూనె కాదు, మట్టి కాదు. బొటనవేలితో నొక్కాడు. మెత్తగా లోపలికి పోయి, వేలు తీయగానే మళ్ళీ పైకి వచ్చింది.

రైలు చక్రానికి ఉబ్బు రాదు. దానికి పగులుంటుంది, అరుగుదలుంటుంది, సుత్తితో కొడితే బోలు చప్పుడుంటుంది. ఉబ్బు అంటే ఏమిటో, ఎంతుంటే ప్రమాదమో చెప్పే గేజి ఆయన దగ్గర లేదు. నిమాయ్‌ని అడగొచ్చు. అడిగితే నిమాయ్ ఏమంటాడో తెలుసు, అనకుండా ఎలా చూస్తాడో కూడా తెలుసు. గాడిలోకి మళ్ళీ స్కేలు దించాడు. ఎప్పటిలాగే దిగింది. అచ్చులోనే ఇలా వచ్చుంటుందిలే అనుకున్నాడు. అనుకున్నాడే గానీ వేలు మళ్ళీ ఆ ఉబ్బు మీదికే వెళ్ళింది. నిన్న ఈ చక్రం చుట్టూ నిలబడ్డ ముఖాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రేపు పొద్దున్న హరనాథ్‌కి చెప్దాం, పాత స్టెపినీ ఎక్కించుకొమ్మందాం, ఏదో వంక చెప్పొచ్చు. ఆ నిర్ణయంతో లేచి చేతులు కడుక్కున్నాడు.

శనివారం తెల్లగా తెల్లవారింది. హరనాథ్ రేడియేటర్లో నీళ్ళు పోసి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రం దగ్గర కాస్త ఆగి, వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఎలీసమ్మ మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో ఉంది. గోవిందరావు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మాట నోట్లోకి వచ్చేసింది. "ఒరే హరీ, ఆగు" అనడానికి ఎంతసేపు!

సరిగ్గా అప్పుడే నూకయ్య పాలచెంబుతో అటు వచ్చాడు. "ఏటి ఎలీసమ్మా, ఈసారి బురదలో దిగక్కర్లేదులే! మా బావ ఏసిన టైర్లవి. అడవి కాదు, కొండెక్కించీగల్దు."

"అవును అన్నయ్యా," అని ఎలీసమ్మ గోవిందరావు వంక చూసి నవ్వింది. "ప్రభువు దయ, తరవాత మీ దయ."

హరనాథ్ కూడా తండ్రి వంక చూశాడు. ఇంజిను ఆన్ చేసి, ఒక క్షణం అలాగే చూస్తూ ఉన్నాడు. గోవిందరావు నోరు తెరిచాడు. నూకయ్య పక్కనే ఉన్నాడు. తెరిచిన నోటితో "జాగర్త" అన్నాడు. అదొక్కటే అన్నాడు. జీపు వీధి మలుపు తిరిగాక కూడా లగ్గు టైర్ల రొద వినిపిస్తూనే ఉంది.

ఆ రోజంతా ఆయన వీధి అరుగు దిగలేదు. ఉమ భోజనానికి పిలిస్తే తరవాతన్నాడు. ఎండ కాసింది, వాన పడింది, మళ్ళీ ఎండ కాసింది. మొరం బాట దాటి వెనక్కి తారు ఎక్కితే చాలు, ఇంక గండం గడిచినట్టే అనుకున్నాడు. అందులోనూ పొరపాటే చేశాడు. మొరం బాట మీద నెమ్మదిగా, రాళ్ళ మీద ఎక్కుతూ దిగుతూ వెళ్ళినంతసేపూ ఆ టైరు ఓర్చుకుంది. వచ్చేటప్పుడు, ఎండకి కాగిన తారు మీద, ఇల్లు చేరే తొందరలో హరనాథ్ కాస్త వేగం పెంచాక అది పేలింది. జీపు ఎడమ పక్కకి లాగి, రోడ్డు కట్ట మీంచి పొలం పక్క గోతిలోకి దిగి పక్కకి ఒరిగిపోయింది.

కబురు తెచ్చింది సైకిలు మీద వచ్చిన సంతాల్ మనిషి. ఝపటాపూర్లో ఇల్లు వెతుక్కుని వచ్చేసరికి సాయంత్రమైంది.

రైల్వే ఆసుపత్రిలో ఎలీసమ్మకి తుంటి ఎముక విరిగిందన్నారు. కట్టు కట్టి పడుకోబెట్టారు. ఆ వయసులో మళ్ళీ నడిచినా కర్ర పట్టుకునే నడవాలట. మంచాల మధ్య ఆమె బంధువులూ చర్చివాళ్ళూ మూగి ఉన్నారు. హరనాథ్ వరండాలో బెంచీ మీద ఉన్నాడు, నుదుటికి కుట్లు, చొక్కా మీద రక్తం. గోవిందరావు దగ్గరికి వెళ్ళేసరికి నలుగురు అతన్ని అడుగుతున్నారు, ఎలా జరిగిందని.

"నాదే తప్పు," అంటున్నాడు హరనాథ్. "స్పీడు మీదున్నాను. ఏదో రాయి ఎక్కించీసుంటాను."

గోవిందరావు అక్కడే ఆగిపోయాడు. కొడుకు బతికున్నాడన్న సంతోషం వచ్చింది. దాని వెనకే, మెడ మీద నుంచి బరువు దించినట్టు ఇంకో తేలిక కూడా వచ్చింది. అది దేనికి వచ్చిందో ఆయనకి వెంటనే తెలిసింది. తెలిసి, సిగ్గుతో గోడకి చెయ్యి ఆనించాడు. ఉమ భర్త పక్కన కూర్చుని ఉంది. తలెత్తి మామగారి వంక చూసింది. ఏదైనా అని ఉంటే ఆయనకి కాస్త నయంగా ఉండేది.

సోమవారం పొద్దున్న సూర్యకుమారి పిల్లలు రిక్షాలో బడికి వెళ్ళారు. మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కరే వేరే ఏర్పాట్లు చేసుకున్నారు. జీపు రిపేరయ్యాక చూద్దామండి అని మర్యాదగానే చెప్పారు. మర్యాద వెనక మాటలు మాత్రం చూరు నీళ్ళలా ఎక్కడ నిలబడితే అక్కడ పడుతున్నాయి. అంత మంచి టైర్లు వేయిస్తే కుర్రాడు మత్తెక్కినట్టు తోలాడట. తండ్రి పేరు చెడగొట్టాడట. శనివారం కల్లు తాగాడేమోనని కూడా ఎవరో అన్నారు. హరనాథ్ ఆ మాటలు విన్నాడు. విని, గోతిలోంచి లాగించి తెచ్చిన జీపు ముందు కూర్చుని, వంగిపోయిన మడ్‌గార్డుని చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ ఉన్నాడు. ఖరగ్‌పూర్లో డ్రైవరుకి పేరు పోతే మళ్ళీ తాళం చేతికి ఇచ్చేవాడు ఉండడు. అతనికి వచ్చిన పని అదొక్కటే.

గోవిందరావు రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు సాయంత్రం పేలిన టైరుని రిమ్ము నుంచి తీయించి, రిక్షాలో పెట్టుకుని ఎలీసమ్మని చూడ్డానికి బయల్దేరాడు. ఆసుపత్రి నుంచి ఆమెని తమ్ముడి క్వార్టర్‌కి తెచ్చారు. వరండాలో మంచం వేశారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఉన్నారు, నూకయ్య ఉన్నాడు, సూర్యకుమారి ఉంది. గోవిందరావుకి కావలసింది కూడా అదే. ఎవరి ముందు తల ఎత్తుకున్నాడో వాళ్ళ ముందే దించాలని వచ్చాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తీరా నిలబడ్డాక అవన్నీ పోయాయి.

"మావోడి తప్పు లేదు," అన్నాడు. "తప్పు నాది. టైర్లు నాను ఎంచినాను. వాడు ఒద్దన్నాడు. నా కోడలు సెప్పింది. నాను ఇన్లేదు. సుక్కురోరం సాయంత్రం ఈ టైరుకి ఉబ్బు లేసింది. నాను ఈ సేత్తో నొక్కి సూసినాను. సూసి కూడా సెప్పలేదు."

చెప్పేశాడు. ఇంక ఏం తిట్టినా పడదామని నిలబడ్డాడు. ఎవరూ తిట్టలేదు. సూర్యకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ళు తడిశాయి. "ఎంత తండ్రండీ మీరు," అంది.

"నాను నిజం సెప్తన్నానమ్మా."

"కూకో బావా, కూకో," అన్నాడు నూకయ్య, భుజం పట్టుకుని. "మాకు తెల్దేటి? కన్న కడుపు. నా కొడుకైతే నానూ ఇలగే అంతును."

"నూకయ్యా, టైరు తెచ్చినాను. సూడు. పక్కని సూడు, ఎలగ కుళ్ళిపోనాదో."

నూకయ్య చూడమన్నందుకు చూశాడు. పేలిన చోట పక్కభాగం పీలికలై, మట్టీ నూనే కలిసి ఏది ఎప్పటి పగులో తెలియకుండా ఉంది. నూకయ్య చెయ్యి అక్కడ ఆగలేదు. టైరుని ఇవతలకి తిప్పి, అలవాటైన చోట, గాడిలో వేలు పెట్టాడు. వీల్ షాపులో ఎన్నో ఏళ్ళు గోవిందరావే ఆ వేలికి పని నేర్పాడు.

"ఇంత గాడున్న టైరు దానంతటది పేలతాదేటి బావా? నువ్వే సెప్పు. నువ్వు సదివిన సదువే గదా మాది. గుద్దీసినాడు, అంతే."

గోవిందరావు తను పుట్టించిన మాటకి తనే ఎదురు చెప్పడానికి నోరు వెతుక్కున్నాడు. ఎలీసమ్మ మంచం మీంచి చెయ్యి చాపి ఆయన వేళ్ళు పట్టుకుంది. ఆమె అరచెయ్యి జ్వరంతో వెచ్చగా ఉంది.

"అన్నయ్యా, నా కోసం, ఆడి కోసం అబద్దం ఆడకండి. పాపం. మీ సేతి మీద పోయిన సక్రం ఎనక్కి రాలేదని లోకానికంతా తెలుసు. హరిని నాను సెమించీసినాను. ఆ పిల్లోడి కోసం రోజూ ప్రార్దన సేస్తన్నాను. బుద్దిగా తోలుకోమని సెప్పండి, సాలు."

"అది కాదమ్మా..."

"సాలన్నయ్యా. మీరు పెద్దోరు."

ఆమె తమ్ముడు లోపల్నుంచి టీ తెచ్చి ఇచ్చాడు. గోవిందరావు గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లో ఆయన మీద గౌరవం ముందుకన్నా పెరిగింది. వీళ్ళు రేపు ఇంటింటికీ ఏమని చెప్పుకుంటారో ఆయనకి అక్షరం అక్షరం వినిపించింది. చేతకాని కొడుకు కోసం అంతటివాడు వచ్చి అబద్ధమాడాడు, చూడండి అంటారు. కొడుకు మీద నింద తీసేద్దామని వచ్చి, దాని మీద ఇంకో మేకు కొట్టి పోతున్నాడు. టీ తాగకుండానే లేచాడు. టైరుని రిక్షావాడు ఎత్తి పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి హరనాథ్ పెరట్లో ఉన్నాడు. జీపుని జాకీ మీద ఎత్తి, బ్రేకు డ్రమ్ము విప్పి తుడుస్తున్నాడు. నుదుటి కట్టు మురికి పట్టింది. మిగతా మూడు చక్రాలూ అలాగే ఉన్నాయి, నూనెతో నల్లగా మెరుస్తున్నాయి.

"ఎలీసమ్మత్త ఎలగుంది నాన్నా?"

"ఉంది." గోవిందరావు నిలబడే చెప్పాడు. "అందరికీ సెప్పీసినాను హరీ. తప్పు నీది కాదు, నాదని."

హరనాథ్ గుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకున్నాడు. "నువ్వెందుకలగ సెప్పడం? నమ్ముతారేటి?"

"నమ్మలేదు."

"మరి!"

"నిజంరా. సుక్కురోరం సాయంత్రం ఆ సక్రానికి ఉబ్బు లేసింది. నాను సూసినాను. సూసి నీకు సెప్పలేదు." పెరట్లో ఇంక ఎవరూ లేరు, అయినా ఆ ముక్క కొడుకు ముఖం చూసి అనలేక జాకీ వంక చూస్తూ అన్నాడు.

హరనాథ్ తలెత్తి మామూలుగా చూశాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు, కోపం లేదు.

"తెలుసు నాన్నా. నువ్వు సక్రం కాడ కూకుని నొక్కుతుంటే తానం సేసొచ్చి గదిలోంచి సూసినాను. పొద్దున్న నానూ సూసినాను, ఉబ్బుంది. నీ ముకం కేసి కూడా సూసినాను, ఏటంతావోనని. నువ్వు జాగర్త అన్నావు. నువ్వు సూసి ఒగ్గీసినావంటే నడుస్తాదనే బండి తీసినాను." డ్రమ్ము తిప్పి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "ఇప్పటికీ అదే అనుకుంతన్నాను. నానే ఎక్కడో రాయి ఎక్కించీసుంటాను."

గోవిందరావు మిగతా మూడు చక్రాల వంక చూశాడు.

"సర్లే గానీ నాన్నా," అన్నాడు హరనాథ్, ముందు చక్రం వైపు తల ఊపి. "గాడి అంతా అలగే ఉంది. ఈ మూడూ ఉంచమంటావా, తీసీమంటావా? నువ్వోసారి సూసి సెప్పు."

గోవిందరావు వచ్చి ముందు చక్రం పక్కన కూర్చున్నాడు. చూడ్డానికి కాదు. స్కేలు జేబులోనే ఉండిపోయింది.